మా ఇంటికే వచ్చిన బియ్యం సంచి

తిరుపతి నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. చాలా పెద్దది. పేరు, వీధి, స్కూలు ఆనవాళ్లు తీసేసి సారాంశం మాత్రం ఇస్తున్నాం.

ఆమె ఇంట్లోనే మిషన్ కుడుతుంది. జాకెట్లు, చీరలకు ఫాల్, జిగ్‌జాగ్. ఆటో నడిపే భర్త మూడేళ్ల కిందట చనిపోయాడు. ఒక్కతే కూతురు, తొమ్మిదో తరగతి. క్యాథలిక్ సిస్టర్లు నడిపే స్కూల్లో ఒకటో తరగతి నుంచి చదువుతోంది. తండ్రి పోయాక స్కూలువాళ్లే ఫీజు సగానికి తగ్గించారు. మిగతా సగం ‘తల్లికి వందనం’ డబ్బు పడినప్పుడు కొంత, పెళ్లిళ్ల సీజన్లో కుట్టుకూలి చేతికొచ్చినప్పుడు కొంత కడుతోంది.

ఆ స్కూల్లో ఐర్లండ్ దేశపు పునీతురాలు బ్రిజిడ్ పేరుతో ఒక సేవా క్లబ్బు ఉంది. ఆసుపత్రిలో రోగుల వెంట వచ్చినవాళ్లకు పులిహోర పొట్లాలు పంచడం, వృద్ధాశ్రమానికి వెళ్లి పెద్దవాళ్లకు పేపర్ చదివి వినిపించడం, ఎండాకాలం చలివేంద్రం దగ్గర నీళ్లు పోయడం వాళ్ల పనులు. క్లబ్బు పిల్లలు ప్రతి సోమవారం ఇంటి నుంచి పిడికెడు బియ్యం తెచ్చి స్కూల్లో ఒక డబ్బాలో పోస్తారు. ఈ అమ్మాయి ఏడో తరగతిలో చేరింది. అప్పటినుంచి ఆ పిడికెడు బియ్యం ఒక్క సోమవారం కూడా తప్పలేదని తల్లి రాసింది.

ఫిబ్రవరి 1 బ్రిజిడ్ పండుగ. ముందురోజు క్లబ్బు పిల్లలు జట్లుగా కొన్ని ఇళ్లకు వెళ్లి కిట్లు ఇచ్చి వస్తారు. ఈసారి 10 కిలోల బియ్యం, కందిపప్పు, నూనె ప్యాకెట్, ఒక దుప్పటి. అడ్రసుల చీటీ టీచర్ చేతిలో ఉంది. అందులో ఒక పేరు తన తల్లిదని ఆ అమ్మాయికి తమ వీధి మలుపు తిరిగేదాకా తెలియదు. వచ్చింది కొత్త టీచర్. జట్టులో మిగతావాళ్లు వేరే సెక్షన్ పిల్లలు.

“తలుపు తీశాను. పిల్లల వెనకాల మా పాప. సంచి ఒక కొస దాని చేతిలో ఉంది. అది ‘అమ్మా’ అనలేదు. నేనూ ‘నా కూతురే’ అనలేదు. నోరు రాలేదు. రిజిస్టర్లో సంతకం పెట్టమంటే పెట్టాను. ఫొటో అంటే నిలబడ్డాను. ఫొటోలో సంచికి ఇటు నేను, అటు నా బిడ్డ” అని రాసింది ఆ తల్లి.

ఆ సాయంత్రమే ఫొటో తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులోకి వెళ్లింది. తర్వాత ఆఫీసు పక్కనున్న నోటీసు బోర్డు మీదికి ఎక్కింది. జాకెట్లు కుట్టించుకునే ఒకావిడ గుర్తుపట్టి, “సంచి పట్టుకుంది మీ పాపే కదా?” అని అడిగింది. ఆ సోమవారానికి క్లాసంతా తెలిసిపోయింది. అప్పటినుంచి పిల్ల క్లబ్బుకు పోవడం మానేసింది. తల్లితో ముక్తసరి మాటలే. బియ్యం సంచి మంచం కింద కుట్టు విప్పకుండానే ఉంది, ఆ బియ్యం వండితే తిననంటోంది. టెన్త్‌కి వేరే స్కూల్లో చేర్చకపోతే చదువే మానేస్తానంటోంది. ఈలోగా హెడ్‌మిస్ట్రెస్ సిస్టర్ ఫోన్ చేసి, నెలాఖర్లో స్కూల్ డేకి బ్రిజిడ్ గురించి ఈ అమ్మాయే మాట్లాడాలని చెప్పారు. రేణిగుంటలో ఉండే మేనమామ మాత్రం, “వాళ్ల సేవంతా ఫొటోల కోసమే, తీసుకొచ్చి మున్సిపల్ స్కూల్లో వెయ్” అంటున్నాడు.

ఆమె అడిగినవి ఇవి: స్కూలు మార్చాలా? సిస్టర్‌తో మాట్లాడితే ఫీజు తగ్గింపు పోతుందా? బియ్యం తిరిగి ఇచ్చేయాలా? మా పాప మళ్లీ నాతో మామూలుగా ఎప్పుడుంటుంది?

---

అమ్మా,

మీరు చివర్లో అడిగినదాన్నే నేను ముందు తీసుకుంటాను. స్కూలు సంగతి, బియ్యం సంగతి, ఫీజు సంగతి అన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

తలుపు దగ్గర మీ ఇద్దరి మధ్య జరిగింది రెండు నిమిషాల వ్యవహారం. మీరు నోరు విప్పలేదు, ఎందుకంటే మీ నోటి నుంచి ‘నా కూతురు’ అన్న మాట వస్తే తోటి పిల్లల ముందు ఆమె తల దించుకోవాల్సి వస్తుందని మీకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. అది బిడ్డను కాపాడుకోవడం. కానీ పద్నాలుగేళ్ల పిల్ల దాన్ని ఎలా అర్థం చేసుకుని ఉంటుందో ఒకసారి ఆలోచించండి. ‘మా అమ్మను అమ్మా అని పిలవలేకపోయాను. పరాయి మనిషిలా నిలబెట్టి బియ్యం ఇచ్చాను’ అన్నది ఆమె లోపల తిరుగుతూ ఉండాలి. మీ ఉత్తరం చదివితే నాకు అలాగే అనిపిస్తోంది. పిల్లలకు తమ మీద తమకే కోపం వస్తే దాన్ని ఎక్కడ దించుకోవాలో తెలియదు. అమ్మ దగ్గరే దించుతారు. ఆమె ముభావంగా ఉంటోందంటే మిమ్మల్ని చూసి సిగ్గుపడుతోందని అనుకోకండి. మీ మొహం చూసిన ప్రతిసారీ ఆ తలుపు దగ్గరి నిమిషం ఆమెకు గుర్తొస్తోంది.

కాబట్టి ఎవరితో మాట్లాడాలన్నా ముందు ఆమెతో మాట్లాడండి. ఎదురుగా కూర్చోబెట్టుకుని, “ఏమైంది చెప్పు” అని అడగకండి. అలా అడిగితే ఇంకా ముడుచుకుపోతుంది. మీ దగ్గర హుక్కులు కుట్టే పని ఎప్పుడూ ఉంటుంది కదా. ఒక జాకెట్ ఆమె చేతికిచ్చి పక్కన కూర్చోబెట్టుకోండి. చూపులు గుడ్డ మీద ఉంటే మాట తేలిగ్గా వస్తుంది. ముందు మీ సంగతి చెప్పండి: “ఆ రోజు నాకు నోరు రాలేదు. నీ ఫ్రెండ్స్ ముందు నీకు ఇబ్బంది అవుతుందని ఆగిపోయాను. నిన్ను కాదనుకుని కాదు.” ఆమె పిలవనందుకు మీకు బాధ కలిగి ఉంటే అదీ దాచకండి. “కొంచెం చివుక్కుమంది, కానీ నీ స్థితి నాకు అర్థమైంది” అనండి. అస్సలు బాధే లేదని అబద్ధం చెబితే పిల్లలు ఇట్టే పట్టేస్తారు. జవాబు కోసం ఎదురుచూడకండి. ఆ రోజు ఆమె ఏమీ అనకపోవచ్చు. విన్నది చాలు.

ఒక్క మాట మాత్రం వద్దు. “పేదరికం తప్పు కాదమ్మా” అని మొదలుపెట్టకండి. ఆ సంగతి ఆమెకు తెలుసు. వృద్ధాశ్రమంలో, ఆసుపత్రి వరండాల్లో తిరిగిన పిల్ల ఆమె. లేనివాళ్లను చిన్నచూపు చూసే రకం అయితే ఇంత బాధపడేదే కాదు.

తిండి, నిద్ర బాగా తగ్గిపోయినా, ‘ఎందుకీ బతుకు’ లాంటి మాటలు నోటి నుంచి వచ్చినా అది వేరే సంగతి. ఆలస్యం చేయకుండా మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. పిల్లల కోసం 1098 కూడా ఉంది.

ఇక స్కూలు. వాళ్లు కావాలని చేశారని నేను అనుకోను. ఫీజు తగ్గించిన పిల్లల జాబితా ఆఫీసులో ఉంటుంది, దాన్నుంచే కిట్ల జాబితా తయారై ఉంటుంది. ఆ పేర్లలో క్లబ్బు పిల్ల ఇల్లు ఉందేమోనని ఎవరూ సరిచూసుకోలేదు. కానీ కావాలని చేయలేదు కాబట్టి తప్పే లేదనడం కుదరదు. ఇక్కడ మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. మీరు మాట్లాడేటప్పుడు వాటిని విడదీసి చెప్పకపోతే వాళ్లకు ‘ఇచ్చినా తప్పేనంటున్నారు’ అన్నట్టే వినబడుతుంది. కిట్ ఇవ్వడం తప్పు కాదు. ముందు మిమ్మల్ని ఒక మాట అడిగి ఉండాల్సింది, అంతే. కూతుర్నే తల్లి ఇంటికి పంపడం అజాగ్రత్త. మీ అనుమతి లేకుండా ఫొటో తీసి గ్రూపులో పెట్టడం, బోర్డుకెక్కించడం మాత్రం తప్పు. దాని గురించి గట్టిగానే అడగాలి.

ఈ ఫొటోల జబ్బు ఒక్క స్కూలుది కాదు. నాయకుల పుట్టినరోజు వస్తే ఆసుపత్రి మంచాల దగ్గర అరటిపండు, రొట్టె ప్యాకెట్ పట్టుకుని పదిమంది నిలబడతారు. లేవలేని రోగి కెమెరా వైపు చూడాలి. అది చూసీ చూసీ మనకు అలవాటైపోయింది. పెద్దవాళ్లు చేసిందే పిల్లల క్లబ్బులూ నేర్చుకుంటున్నాయి. నాకు మాత్రం ఈ అలవాటు మీద చాలా కోపం ఉంది. ఇచ్చేటప్పుడు పుచ్చుకునే మనిషి మొహం బయటపెట్టడం అంటే, ఆ బియ్యానికి ఆమె దగ్గర ఖరీదు వసూలు చేసినట్టే.

సిస్టర్లకు ఈ మాట కొత్తగా వినిపించదు. మత్తయి సువార్త ఆరో అధ్యాయంలో క్రీస్తు చెప్పిందే అది: ధర్మం చేసేటప్పుడు ముందు బూర ఊదించుకోవద్దు, కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదు. 1833లో పారిస్‌లో కొందరు విద్యార్థులు మొదలుపెట్టిన క్యాథలిక్ సేవా సంఘం విన్సెంట్ డి పాల్ సొసైటీ ఇవాళ ఎన్నో దేశాల్లో చర్చిల పరిధిలో పనిచేస్తోంది. వాళ్లు ఇళ్లకే వెళ్తారు. కానీ ఎవరింటికి వెళ్లారో, ఏమిచ్చారో బయట చెప్పుకోకూడదన్నది వాళ్ల పాత కట్టుబాటు. కాబట్టి మీరు కొత్త డిమాండ్ ఏదీ పెట్టడం లేదు. వాళ్ల ఇంటి మాటనే వాళ్లకు గుర్తు చేస్తున్నారు. ఇంత చదువు చదవలేదు, ఇవన్నీ ఎలా చెప్పాలి అనుకోకండి. “సిస్టర్, ఇచ్చినందుకు కృతజ్ఞతలు. ఫొటో తీసేయండి. నా బిడ్డ తలెత్తుకోలేకపోతోంది” అంటే చాలు.

ఫీజు తగ్గింపు పోతుందేమోనన్న మీ భయాన్ని నేను కొట్టిపారేయను. విద్యాహక్కు చట్టంలో ప్రైవేటు స్కూళ్లు 25 శాతం సీట్లు పేద పిల్లలకు ఇవ్వాలన్న నిబంధన ఇలాంటి క్రైస్తవ సంస్థలు నడిపే మైనారిటీ స్కూళ్లకు వర్తించదని సుప్రీంకోర్టు 2014లో తీర్పు చెప్పింది. అంటే మీకు ఇచ్చిన సగం ఫీజు చట్టం ఇచ్చింది కాదు, వాళ్లు మంచి మనసుతో ఇచ్చింది. మంచి మనసుతో ఇచ్చిన దాని గురించి నోరెత్తడానికి భయం ఉండడం సహజం. కానీ ఎనిమిదేళ్లకు పైగా మీ పిల్ల అక్కడ చదువుతోంది, తండ్రి పోయినప్పుడు వాళ్లంతట వాళ్లే ఫీజు తగ్గించారు. ఫొటో తీసేయమని అడిగినందుకు అలాంటివాళ్లు ఫీజు పెంచుతారని నాకు అనిపించడం లేదు. పెంచరని హామీ మాత్రం ఇవ్వలేను. రిస్కు తగ్గించుకునే దారి ఒకటుంది. ఈ రెండు సంగతులూ ఒకే రోజు మాట్లాడకండి. టెన్త్ ఫీజు సంగతి ఏప్రిల్లో పరీక్షలయ్యాక విడిగా వెళ్లి అడగండి. ఎంత తగ్గించారో కాగితం మీద రాయించుకోండి. రసీదులన్నీ ఒక కవర్లో దాచుకోండి.

పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల వ్యక్తిగత సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం చెబుతోంది. ఇది మీకు తెలిసి ఉంటే చాలు. మొదటిరోజే చట్టం పేరెత్తితే అవతలివాళ్లు వినడం మానేసి జవాబులు వెతుక్కోవడం మొదలుపెడతారు.

ఏమీ మాట్లాడకుండా ఊరుకోవడం కూడా ఒక దారే. చాలామంది తల్లులు అదే చేస్తారు, నేను వాళ్లను తప్పుపట్టను. నెల రోజుల్లో బోర్డు మీదికి కొత్త ఫొటోలు వస్తాయి, పిల్లలు మర్చిపోతారు. కానీ మీ పాప మర్చిపోదు. ఫొటో విషయం అమ్మ కూడా అడగలేదు అన్నది ఆమె మనసులో ఉండిపోతుంది. వచ్చే ఫిబ్రవరిలో ఇంకో పిల్ల ఇంటికి ఇంకో జట్టు వెళ్తుంది.

స్కూలు మార్చడం గురించి మీ అన్న చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. మున్సిపల్, జిల్లా పరిషత్ హైస్కూళ్లు తీసిపోయినవేం కాదు. పుస్తకాలు, యూనిఫాం, మధ్యాహ్న భోజనం అక్కడ ప్రభుత్వమే ఇస్తుంది. మీ ఫీజు భారం పూర్తిగా పోతుంది. మీరు అక్కడికి మార్చదలిస్తే అది గౌరవమైన నిర్ణయమే. కానీ ఇప్పుడు, ఏడాది చివర్లో వద్దు. మార్చాలనుకుంటే పరీక్షలయ్యాక టీసీ తీసుకుని జూన్‌లో చేర్పించండి. టెన్త్ పబ్లిక్ పరీక్షలు మార్చిలో ఉంటాయి కాబట్టి కొత్త టీచర్లకు, కొత్త క్లాసుకు అలవాటు పడడానికి ఆమెకు ఎక్కువ టైమ్ ఉండదన్నది కూడా లెక్కలోకి తీసుకోండి. అన్నిటికన్నా నాకు ముఖ్యం అనిపించేది ఇంకొకటి. మాట్లాడాల్సింది మాట్లాడాక స్కూలు మారితే ఆమె మామూలుగా మారుతుంది. మాట్లాడకుండా మారితే తప్పించుకుని వచ్చినట్టే ఉంటుంది. ఆ సిగ్గు కొత్త స్కూలుకూ వెంట వస్తుంది.

మతం సంగతి మీ అన్న ఎత్తాడని రాశారు. మీరు ప్రతి శనివారం గోవిందరాజస్వామి గుడికి పోతారు, పిల్లా మీతో వస్తుంది, ఇన్నేళ్లలో స్కూల్లో ఎవరూ ఒత్తిడి చేయలేదని మీరే చెప్పారు. ఇక దాని గురించి నేను చెప్పేదేం లేదు.

ఇప్పుడు బ్రిజిడ్ గురించి కొంచెం చెప్పాలి. ఎందుకంటే మీ పాప స్కూల్ డేలో మాట్లాడాల్సింది ఆమె గురించే. క్లబ్బులో పిల్లలకు ఎక్కువగా దుప్పటి కథ చెబుతారు. మఠం కట్టడానికి భూమి కావాలని బ్రిజిడ్ రాజుని అడిగితే అతను నవ్వాడట. నా దుప్పటి పరిచినంత మేర ఇవ్వండి చాలు అందట ఆమె. ఆ దుప్పటి పరుచుకుంటూ పోయి మైదానమంతా కప్పేసిందట. కిట్‌లో దుప్పటి ఎందుకు పెట్టారో నాకు దీన్నిబట్టే అర్థమైంది. అందమైన కథే. కానీ మీ పాపకు తెలియాల్సిన కథ ఇంకొకటి.

బ్రిజిడ్ ఐదో శతాబ్దం మధ్యలో పుట్టి ఆరో శతాబ్దం మొదట్లో చనిపోయిందంటారు. డబ్లిన్‌కు నైరుతి దిక్కున ఉన్న కిల్డేర్‌లో ఆమె మఠం ఉండేది. పాట్రిక్, కొలంబా అనే పునీతులతో పాటు ఆమెను కూడా ఐర్లండ్ దేశమంతా తమను కాపాడే పునీతురాలిగా కొలుస్తుంది. 2023 నుంచి అక్కడ ఆమె పేరు మీద ప్రభుత్వ సెలవు కూడా ఇస్తున్నారు. ఇంత గొప్ప పేరున్న ఆమె పుట్టుక గురించి పాత జీవితగాథలు ఏం చెబుతాయో తెలుసా? తండ్రి దువ్‌తాక్ ఒక నాయకుడు. తల్లి బ్రోకా అతని ఇంట్లో బానిస. నెలలు నిండుతుండగానే ఆమెను వేరే యజమానికి అమ్మేశారట. అక్కడి పాత మతపు పూజారి ఒకతని ఇంట్లో పాలు పితికి, వెన్న తీస్తూ బతికింది ఆ తల్లి.

కూతురు పెద్దదై తండ్రి ఇంటికి వెళ్లింది. తల్లికి జబ్బు చేసిందని తెలిసి తిరిగి వచ్చి, ఆమె చేయాల్సిన వెన్నపని తాను చేసింది. తీసిన వెన్నలో పేదలకు పంచిపెట్టేది. యజమాని లెక్క చూడటానికి వస్తే వెన్న తగ్గలేదట. అతను ఆశ్చర్యపోయి ఆ వెన్న, ఆవులు నువ్వే తీసుకో అన్నాడట. అప్పుడు ఆమె అన్నది ఒకటే: ఆవులు నువ్వే ఉంచుకో, మా అమ్మను విడిచిపెట్టు. అలా తల్లిని విడిపించుకుని వెంటబెట్టుకుని వెళ్లింది.

ఇవి భక్తులు వందల ఏళ్లుగా చెప్పుకుంటూ వస్తున్న కథలు. చరిత్ర పుస్తకంలో రుజువులు వెతకాల్సినవి కావు. కానీ ఒక జాతి తనకు అత్యంత ప్రియమైన పునీతురాల్ని ఎవరి కూతురిగా గుర్తుపెట్టుకుందో చూడండి. పని మనిషి కూతురు. ఒకరి దగ్గర గింజలు కొలిపించుకుని తినే ఇంటి పిల్ల. ఆమె ఇచ్చే చేయి అయింది, పుచ్చుకునే ఇల్లూ ఆమెదే. క్లబ్బు జట్టులో సంచి మోసుకుంటూ తన ఇంటి తలుపు ముందే నిలబడిన మీ బిడ్డ కన్నా ఆ బ్రిజిడ్‌కు దగ్గరైన పిల్ల ఆ స్కూల్లో ఎవరుంటారు?

ఇచ్చేవాళ్లు ఒక జాతి, పుచ్చుకునేవాళ్లు ఒక జాతి అన్నది మన ఊళ్లో నిజానికి చెల్లదు. తిరుమలలో తరిగొండ వెంగమాంబ పేరుతో ఉన్న అన్నప్రసాద కేంద్రానికి వెళ్లి చూడండి. శ్రీవారి సేవకు వచ్చి పొద్దున వరసలో వడ్డించిన మనిషే తన వంతు అయ్యాక అదే వరసలో కూర్చుని తింటుంది. పక్కన కూర్చున్నది లక్షాధికారో కూలిమనిషో ఎవరికీ పట్టదు. ‘మీరు పేదవారా’ అని ఎవరూ అడగరు. చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకున్న వెంగమాంబ, ఊరివాళ్ల మాటలు పడి కొండెక్కి, వచ్చిన భక్తులకు అన్నం పెట్టడం మొదలుపెట్టింది. ఇది మీ పాపకు తెలిసిన కథే అయ్యుంటుంది. దాని పక్కన బ్రిజిడ్ కథ పెట్టి చెప్పండి. ఆ రెండూ ఒకదానికొకటి ఎంత దగ్గరో ఆమెకే తెలుస్తుంది.

స్కూల్ డే ప్రసంగం విషయంలో నిర్ణయం ఆమెదే కావాలి. ఈసారి మాట్లాడను అంటే, మీరే సిస్టర్‌కు ఆ మాట చెప్పండి, బతిమాలించకండి. వాళ్లు రాసిచ్చిన నాలుగు మాటలు చెప్పి దిగిపోతానంటే అదీ సరే. దుప్పటి కథ బదులు బ్రోకా కథ చెబుతానంటే నాకు చాలా సంతోషం. తన ఇంటి ఊసెత్తకుండానే ఆమె చెప్పాల్సింది చెప్పేస్తుంది. వినే సిస్టర్లకూ, టీచర్లకూ అర్థమవుతుంది. కానీ ‘ఆ ఫొటోలో ఉన్నది మా అమ్మే’ అని స్టేజీ మీద తన కథ చెబుతానంటే మాత్రం ఈసారికి ఆగమనండి. చప్పట్లు కొడతారు, కొందరు కళ్లు తుడుచుకుంటారు, వంద ఫోన్లు ఆ వీడియో తీస్తాయి. రేపట్నుంచి ఆమె ఆ పిల్లగానే మిగిలిపోతుంది. రెండేళ్లు ఆగి, అప్పుడూ చెప్పాలనిపిస్తే చెబుతుంది.

క్లబ్బుకు తిరిగి వెళ్లాలా అన్నది కూడా ఇప్పుడే తేల్చక్కర్లేదు. ఆసుపత్రి దగ్గర పొట్లాలు పంచడం ఆమెకు ఎంత ఇష్టమో మీరు ఒక పేజీ అంతా రాశారు. పులిహోర చల్లారకుండా పొట్లం ఎలా కట్టాలో ఆమె చిన్న పిల్లలకు నేర్పేదని, విస్తరాకు మడత సరిగ్గా రాకపోతే మళ్లీ విప్పించేదని. అలాంటి పిల్ల చెయ్యి ఊరికే ఉండదు. వెళ్తానంటే అడ్డు చెప్పకండి, వెళ్లు వెళ్లు అని తోయకండి.

సిస్టర్‌ను కలిసినప్పుడు వీలైతే క్లబ్బు గురించి కూడా ఒక మాట చెప్పండి. అడ్రసుల జాబితా ఒక్క టీచర్ దగ్గరే ఉంచొచ్చు. పిల్లల చేత సరుకులు తూకం వేయించి సంచులు కట్టిస్తే చాలు, ఇళ్లకు పెద్దవాళ్లు వెళ్లొచ్చు. అసలు ఇంటికే వెళ్లక్కర్లేదు, ఫలానా కిరాణా కొట్లో ఇన్ని సరుకులు తీసుకోండని చీటీ ఇస్తే ఆ మనిషి అందరిలాగే వెళ్లి తెచ్చుకుంటుంది. పిల్లలకు సేవ నేర్పడానికి ఆసుపత్రి వరండా, చలివేంద్రం ఉన్నాయి. తోటి పిల్లల ఇళ్ల తలుపులు తట్టించక్కర్లేదు. ఇవి వాళ్లు వింటారో లేదో తెలియదు. విన్నా వినకపోయినా, ఫొటో మాత్రం ఆ రోజే బోర్డు మీంచి దిగేలా చూడండి. గ్రూపులోంచి తీసేసినా, చూసినవాళ్ల ఫోన్లలో అది ఉండిపోతుంది. దానికి మనం చేయగలిగింది లేదు.

ఇక బియ్యం. తిరిగి ఇచ్చేస్తే మీ మనసు కొంత తేలికపడొచ్చు. కానీ సిస్టర్‌కు అది కొట్టినట్టు ఉంటుంది, ఆ తర్వాత మీరు చెప్పే మాటలేవీ ఆమెకు ఎక్కవు. వేరేవాళ్లకు ఇచ్చేయొచ్చు, అందులోనూ తప్పులేదు. నేనైతే వండుకోమంటాను. రెండేళ్లకు పైగా ప్రతి సోమవారం మీ ఇంటి నుంచి ఒక పిడికెడు బియ్యం ఆ డబ్బాలోకి వెళ్లింది. ఆ సంచిలో మీ బియ్యం కూడా ఉన్నాయి, మీ పాప చేత్తో పోసినవే. ఈ మాట ఆమెకు చెప్పి చూడండి. అయినా తిననంటే పట్టుబట్టకండి. మంచం కింద ఉంచితే పురుగు పడుతుంది కాబట్టి డబ్బాలో పోసి నాలుగు వేపాకులు వేసి పెట్టండి. తొందరేం లేదు. దుప్పటి మాత్రం మీరు వాడుకోండి.

సిస్టర్‌ను కలవడానికి మీరొక్కరే వెళ్లండి. మీ అన్నను వెంట తీసుకెళితే మాట తిరిగి మతం మీదికి, ఫొటోల మీదికి, గొడవ మీదికి పోతుంది. ముందురోజే ఫోన్ చేసి ఒక పావుగంట టైమ్ అడగండి. ప్రేయర్ అయ్యి పిల్లలు క్లాసుల్లోకి వెళ్లాక అయితే ఆఫీసులో కాస్త ప్రశాంతంగా ఉంటుంది. వెళ్లేముందు మీ పాపకు చెప్పి వెళ్లండి. ఆమె వద్దంటే ఎందుకు వద్దంటోందో విని, కొన్నాళ్లు ఆగండి, కానీ స్కూల్ డే దాటనివ్వకండి. ఏం జరిగిందో నాకు మళ్లీ రాస్తారు కదూ.

మీ అక్క
(సలహాల శీర్షిక)